శుక్రవారం పంచాయితీ, తెల్ల గౌను

గల్ఫ్ యుద్ధం ముగిశాక సౌదీలోని దమ్మామ్‌లో మా తెలుగువాళ్లకు పట్టుకున్న జబ్బు పంచాయితీలు. సైరన్లు మోగినన్నాళ్లూ నోరు మూసుకున్నవాళ్లందరికీ ఒక్కసారిగా పాత కోపాలు గుర్తొచ్చాయి. తగువు ఎవరిదైనా శుక్రవారం మధ్యాహ్నం పెద్దమనుషులు ఒకరింట్లో కూర్చునేవారు. అందరూ ఒకే మాట మీదికి వచ్చేదాకా ఎవరూ లేవకూడదని కట్టుబాటు. మగవాళ్లే ఉన్న పంచాయితీకి రానని ఒక నర్సు మొండికేయడంతో, డిగ్రీ చదివానని నన్నూ అందులో కలిపారు. అందరూ దాన్ని గౌరవం అన్నారు. నేను వెట్టి అన్నాను.

ఎందుకనకూడదు? మిగతావాళ్లంతా కంపెనీ ఉద్యోగులు, శుక్రవారం వాళ్లకు సెలవు. నేనేమో ఇంట్లో మిషను పెట్టుకుని ఆసుపత్రి నర్సులకు బట్టలు కుట్టేదాన్ని. వాళ్లు కొలతలివ్వడానికి వచ్చేదే శుక్రవారం. నేనెక్కడో తీర్పులు చెబుతుంటే వాళ్లు నా తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయేవారు. భర్త ఇకామా అనే నివాస పత్రం మీద వచ్చి ఉంటున్న ఆడదాన్ని కాబట్టి నాదొక పని అని ఏ కాగితమూ ఒప్పుకోదు. పెద్దమనుషులూ ఒప్పుకోలేదు. ఇంట్లోనే ఉంటావు కదా అనేవారు.

ఒక శుక్రవారం నా చేతిలో గుంటూరు వైపు నర్సు పెళ్లిగౌను ఉంది. మర్నాడే ఆమె విమానం. సాయంత్రం ఆసుపత్రి బస్సులో వచ్చి తీసుకుంటానంది. వెనకాల నేల మీద జీరాడే శాటిన్ అంచు ఇంకా మడిచి కుట్టాలి. అది ఇద్దరు పట్టుకుంటే తప్ప సమంగా రాదు. ఎప్పుడూ పట్టుకునే మా ఆయనకు ఆ రోజు పోర్టు గోదాములో డ్యూటీ. సరిగ్గా అప్పుడే పిలుపొచ్చింది. నేను రాను, కావాలంటే మీరే రండి అని కబురు పంపాను. తిట్టుకుంటూనే వచ్చారు.

తగువు ఇద్దరు వెల్డర్లది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే గది, వంట వంతు కూడా కలిపే. యుద్ధంలో ఒకడు ఎవరికీ చెప్పకుండా, క్షిపణులు పడని దూరాన ఉన్న అభా కొండల్లోకి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి రెండోవాడు అతని మంచం ఇంకొకరికి ఇచ్చేశాడు.

నేను సూది వదలకపోవడం చూసి పంచాయితీ పెద్దాయన ముఖం ముడుచుకున్నాడు. "చెల్లె, తీర్పు చెప్పేటోళ్ల చేతులు ఖాళీగుండాలె."

"అన్నా, మీ చేతులు ఖాళీగున్నా నెలకాంగనె జీతమొస్తది. నా చేతులు ఖాళీగుంటె ఖాళీగనే ఉంటయి."

అంతటితో నేనాగలేదు. చేతులు కడుక్కు రమ్మని ఆ వెల్డర్లిద్దరినీ పంపాను. గౌను అంచు చెరొక కొస వాళ్ల చేతికిచ్చి, నేలకు తగలనివ్వొద్దు, మడత పడనివ్వొద్దు అన్నాను. జుబైల్ ఫ్యాక్టరీల్లో ఇనుము అతికే చేతులు ఆ శాటిన్‌ను పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాయి. మధ్యలో కూర్చుని నేను అంచు మడుస్తూ పోయాను.

ఇక వేలు చూపించి తిట్టుకునే వీలు లేదు, లేచి పోయే వీలూ లేదు. ఎదురెదురుగా ముఖాలు చూసుకోవాల్సిందే. సగం అంచు మడిచేసరికి మంచం ఇచ్చేసినవాడు గొంతు తగ్గించి అన్నాడు, "సైరన్ మోగితే అందరు లోపలికురికిండ్రు. నేను నీకోసం బయట దేవులాడుకుంట తిరిగిన."

కొండలకు పోయినవాడి చేతిలోంచి కొస జారబోయింది. "గట్టిగ పట్టు" అన్నాను.

"చెప్తె నువ్వు నన్ను పోనిస్తుంటివా?" అన్నాడతను.

"ఒక్కన్ని పోనిస్తుంటినా? నీతోని నేనూ వస్తుంటి."

మంచం సంగతి మేం చెప్పాల్సిన అవసరమే రాలేదు. గదిలో ఇంకో మంచం ఎక్కడ పడుతుందో వాళ్లే అంచు పట్టుకుని లెక్క వేసుకున్నారు.

చివరి కుట్టు పడేసరికి కింద బస్సు హారన్ కొట్టింది. నర్సు పైకొచ్చి, గదినిండా మగవాళ్లను, మధ్యలో తన గౌనును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వెల్డర్లు కొసలు దించకుండా ఆమె దగ్గరికి నడిచారు. ఆమె అంచంతా వేలితో తడిమి చూసుకుంది. "ఎక్కడా వంకర లేదండీ" అంది.

"ఉండదు" అన్నాను.

ఆ తర్వాత పంచాయితీ ఎప్పుడు జరిగినా మా ఇంట్లోనే, నా మిషను పక్కనే. చేతులు ఖాళీగా ఉండాలన్న పెద్దాయనకు మొదట నేనే, రంగులవారీగా ఏరమని గుండీల డబ్బా ఇచ్చాను. తర్వాత్తర్వాత ఆయనే అడిగి తీసుకునేవాడు.