లాంగ్ కేస్ గంగారాం

1987 మార్చి 12, గురువారం. ఆర్మూర్ ప్రభుత్వ దవాఖాన. ఉన్నవారు: మెడికల్ ఆఫీసర్‌గా నేను, స్టాఫ్ నర్స్ సుశీలమ్మ, రోగి గంగారాం, ఆయన భార్య రాజవ్వ. నా డైరీలో ఆనాటి పేజీ ఇలా మొదలవుతుంది.

మధ్యాహ్నం ఓపీ ముగించి చేతులు కడుక్కుంటుండగా, పసుపు బస్తాలు తరలించే తోపుడుబండి మీద గంగారాంను తెచ్చారు. ఆయన మార్కెట్‌లో బస్తాల మూతులు కుట్టేవాడు. చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల ఆయన గుండెలో ఒక కవాటం ఇరుకైంది. మేం దాన్ని మైట్రల్ స్టెనోసిస్ అంటాం. ఆ రోజు ఆయన పడుకోలేకపోతున్నాడు. మంచం మీద కూర్చోబెడితే ముందుకు వంగి, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. పాదం మీద నొక్కితే నా వేలు దిగబడి, గుంట అలాగే ఉండిపోయింది. ఊపిరితిత్తుల నిండా నీరు.

లేసిక్స్ సిరంజిలోకి తీయమన్నాను. ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా బయటికి పంపే మందు అది. సూది చూడగానే గంగారాం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"గా సూది వద్దు సారూ. రేపు పొద్దుగాల్ల హైద్రాబాద్ బస్సుకు పోవాలె. గప్పటిదాంక పానం ఆపుండ్రి, సాలు. వాపు మాత్రం తియ్యకుండ్రి."

నయం చెయ్యొద్దని బతిమాలిన మరో రోగిని నా సర్వీసులో చూడలేదు.

ఆయన ఎందుకలా అన్నాడో తెలియాలంటే ఎంబీబీఎస్ చదువు గురించి కొంత చెప్పాలి. నాలుగున్నరేళ్ళ కోర్సు. మొదట శరీర నిర్మాణం, అది పనిచేసే తీరు. తర్వాత రోగాలు, మందులు. చివర మెడిసిన్, సర్జరీ, కాన్పులు. ఆపైన ఏడాది హౌస్ సర్జన్‌గా పనిచేస్తేనే పట్టా చేతికొస్తుంది. ఫైనల్‌లో రాతపరీక్ష ఎంత బాగా రాసినా క్లినికల్స్ విడిగా పాసవ్వాల్సిందే. అందులో గండం లాంగ్ కేస్. విద్యార్థికి ఒక రోగిని అప్పగిస్తారు. అడిగి, తట్టి, విని, రోగమేమిటో తానే తేల్చి పరీక్షకుడికి చెప్పాలి. తప్పితే ఆర్నెల్లు ఆగి మళ్ళీ కూర్చోవాలి. ఇందుకోసం లక్షణాలు స్పష్టంగా ఉన్న రోగులను కాలేజీ వాళ్ళు కార్డు రాసి పిలిపించుకునేవారు. హైదరాబాద్‌లోని ఒక కాలేజీ నుంచి గంగారాంకు ఏటా కార్డు వచ్చేది. అందుకే మార్కెట్‌లో ఆయన్ని 'డాక్టర్ల పంతులు' అని ఆటపట్టించేవారు. ఆయన కాదనేవాడు కాదు.

"గోలీలు ఎప్పుడు మానేశావ్?" అని అడిగాను.

రాజవ్వ అందుకుంది. "కార్డు అచ్చిన దినమే సారూ. డబ్బ అటుక మీద దాసిండు. ఎందుకని అడిగితే, పరీచ్చల సంగతి నీకేమెర్క అన్నడు."

గంగారాం ఒక్కో మాటకూ ఆగి ఊపిరి అందుకుంటూ చెప్పాడు. "పోయినపారి గోలీలన్ని మింగి పోయిన. వాపు లేదు, ఏం లేదు. ఒక పిల్ల... ఎంతసేపో గొట్టం పెట్టి ఇన్నది. సప్పుడు దొరకలే. ఫేలయింది. వరండల గోడకు మొకం పెట్టి ఏడ్సింది సారూ. రోగం లోపల్నే దాసిపెట్టుకొని... గా పిల్ల సదువు ఖరాబ్ జేసిన."

ఆయన పెదవులు నల్లబడుతున్నాయి. దగ్గితే గులాబీరంగు నురగ పడింది. బలవంతంగా పట్టుకుంటే ఆ పెనుగులాటకే గుండె ఆగిపోయేలా ఉంది. నిజామాబాద్ పంపుదామంటే దారిలోనే పోతాడు. సుశీలమ్మ సిరంజితో నా వైపే చూస్తోంది.

"గంగారాం, ఆ సప్పుడు కవాటానిది, వాపుది కాదు. గోలీలు మింగినా పోదు. ఇప్పుడు నీ గుండె ఉరుకుతున్నది. ఈ ఉరుకులాటల నాకే దొరకలేదు. ఇట్ల పోతే ఇంకో పిల్ల ఫేలవుతది."

"నిజమేనా? సూది కోసం... జెప్తలేరు గద?"

నేను జవాబు చెప్పేలోగా రాజవ్వ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "సచ్చినంక ఎట్లాగు గా పోరగాండ్లు నిన్ను గోసుకొనే సదువుకుంటరు. గప్పటిదాంక జర బతుకు. చెయ్యి సాపు."

చెయ్యి చాపాడు.

ఇంజెక్షన్ ఇచ్చాం, ఆక్సిజన్ పెట్టాం. గుండెకు చేరే రక్తం తగ్గించడానికి కాళ్ళకూ చేతులకూ రబ్బరు గొట్టాలు వంతులవారీగా బిగించి వదిలాం. అప్పటి పద్ధతి అది. ఇక చూడాల్సింది మూత్రం ఒక్కటే. రాకపోతే నా దగ్గర మరో దారి లేదు. రాజవ్వ భర్త వీపుకు తన భుజం ఆనించి నిలబడింది. రెండోసారి మందు ఇచ్చాం. మూత్రం పట్టే పాత్ర ఖాళీగానే ఉంది. పొద్దు వాలుతుండగా సుశీలమ్మ పాత్ర పైకెత్తి నాకు చూపించింది. సగం నిండింది. ఆమె కళ్ళు తుడుచుకోవడం అప్పుడే చూశాను.

మర్నాడు ఉదయం నేను వార్డుకు వెళ్ళేసరికి హైదరాబాద్ బస్సు వెళ్ళిపోయింది. గంగారాం దిండుకు ఆనుకొని చాయ్ తాగుతున్నాడు. ఎడమ పక్కకు తిప్పి విన్నాను. గుండె నెమ్మదించింది. కవాటం శబ్దం దూరంగా బండి దొర్లినట్టు ఉంది.

"ఉన్నదా సారూ?"

స్టెత్ గొట్టాలు తీసి ఆయన చెవులకే పెట్టాను. అంతమందికి వినిపించాడు కానీ, తాను ఎప్పుడూ వినలేదు. రోగి ఒంటి మీద నేర్చుకునే మా చదువులో, ఆ ఒంటి సంగతి ఆ మనిషికే చెప్పాలన్న పాఠం లేదు. ఆ రోజు నుంచి నేను దాన్ని చేర్చుకున్నాను.

గంగారాం కళ్ళు మూసుకొని విన్నాడు. దొరకలేదన్నట్టు తల ఊపాడు. నేను మంచం అంచు మీద వేలితో లయ కొట్టి చూపించాను. ఊపిరి బిగబట్టి మళ్ళీ విన్నాడు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"నా సప్పుడు నాకే గింత కష్టమైంది," అన్నాడు. "గా పిల్లకు ఎట్ల దొరుకుతది సారూ?"