గుండెత్తిన చేతులు

పంతొమ్మిది వందల ఎనభైల్లో నేను నెలకు రెండుసార్లైనా బెంగళూరు పోయేవాణ్ణి. సంచిలో పది పన్నెండు పట్టుచీరలు, చేతిలో అంగళ్ల పేర్లు రాసుకున్న చీటీ. అంగళ్లు తెరిచే వేళకు చిక్‌పేటలో ఉండాలి. అంత హడావిడిలోనూ లాడ్జి గదిలో తెల్లవారుజామునే లేచి మూడు వందల బస్కీలు తీయనిదే కాఫీ ముట్టేవాణ్ణి కాదు. ఒకసారి పక్క మంచం మీద పడుకున్న మా ఊరి వ్యాపారి ఒకాయన దుప్పట్లోంచి తల బయటపెట్టి అడిగాడు, ఇంత ఒళ్లు పెంచినోడివి, ఇనుము ఎత్తవు, గదలు తిప్పవు, కాళ్లతోనే ఎందుకు సరిపెడతావని. చేతులు పాడవుతాయని చెప్పాను. ఆయన నవ్వి మళ్లీ ముసుగుతన్నాడు. నేను చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాను.

మిగతా సగం మా నాయన దగ్గర మొదలవుతుంది. ధర్మవరంలో మాది నేత ఇల్లు, ఇంట్లో గుంట మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని, వంగి నేయాలి. నాయన పదేళ్ల వయసు నుంచి అలాగే నేశాడు. నలభై అయిదు దాటేసరికి గుంతలోంచి లేవాలంటే దూలానికి కట్టిన తాడు పట్టుకోవాల్సి వచ్చేది. తాడు పట్టుకుని, ఒక మోకాలు గట్టు మీదికి తెచ్చి, అక్కడ ఆగి కాసేపు దగ్గి, అప్పుడు రెండో కాలు. రోజుకు నాలుగైదుసార్లు అది నా కంటబడేది. జాలి తర్వాతెప్పుడో వచ్చింది, ముందు వచ్చింది భయమే. ఇరవై ఏళ్లు పోతే నేనూ ఆ తాడుకే వేలాడతానని భయం.

అవి డెబ్బైల నడిమి ఏళ్లు. వరుసగా వానలు మొహం చాటేశాయి. నాకు పంతొమ్మిది. బుర్రలో రెండు పిచ్చులుండేవి. ఒకటి, సావుకారు మగ్గం మీద కూలికి నేయడం మాని సొంతంగా, అంచుకూ కొంగుకూ పూలు దించే జాకార్డు మగ్గం పెట్టుకోవాలి, నా చీరలు నేనే బెంగళూరులో అమ్ముకోవాలి. అందుకని సాయంత్రాలు బస్టాండు దగ్గర హోటలు నడిపే ఉడిపి ఆయన ముందు కూర్చుని కన్నడ అక్షరాలు దిద్దేవాణ్ణి. రెండో పిచ్చి ఒళ్లు. నాయన లాగా వంగిపోని ఒళ్లు కావాలి నాకు.

ఊరి చివర కసరత్తులు చేసే గరిడి ఉండేది. రేకుల కప్పు కింద ఎర్రమట్టి తవ్విన సాము గోదా, ఒక మూల చెక్క గదలు. నడిపేది ఒక ముసలి ఉస్తాదు, ఒకప్పటి జట్కా సాయిబు. గుర్రం చచ్చిపోయినాక మనుషులను మేపుతున్నానని ఆయనే చెప్పుకునేవాడు. నాకు చెప్పిన మేతా గుర్రపుదే: నానబెట్టిన ఉలవలు గుప్పెడు, చెనక్కాయ గింజలు గుప్పెడు, పైన రాగి సంకటి. ఇంట్లో ఉలవల డబ్బా అడుగంటుతుంటే మా అమ్మ, ఇంక లాయం కూడా కట్టిద్దామా అని అడిగేది. తెల్లవారకముందే గరిడికి పోయి, గదలు తిప్పి, దండేలు తీసి, దగ్గు ముదిరిన నాయన బదులు ఏడింటికల్లా మగ్గంలో కూర్చునేవాణ్ణి. దీపం పెట్టేదాకా నేత. ఆ పైన కన్నడం. నిద్ర ఎప్పుడు పోయేవాడినో ఇప్పుడు గుర్తు లేదు.

గరిడి ముందు ఒక గుండు ఉండేది. నల్లటి గరుకు రాయి, గుండ్రంగా, పట్టుకోవడానికి ఒక్క అంచు లేకుండా. ఉగాది నాడు దాన్ని భుజం మీదికెత్తి వెనక్కి పడేసినవాడికి తలపాగా కట్టేవాళ్లు. గరిడికి వచ్చేవాళ్లు చాలామంది భూములున్న ఇళ్ల కుర్రవాళ్లు. సేద్యం ఎండిపోయి, ఊళ్లో చుట్టాల ఇళ్లలో ఉంటూ ఏదో ఒక వ్యాపారం చూసుకునేవాళ్లు. వాళ్లలో నల్లమాడ వైపు నుంచి వచ్చిన ఒకడు, మెడ ఎద్దు మెడ, నేను కనిపిస్తే చాలు నూలుపోగన్నా అని పిలిచేవాడు. మగ్గమోళ్లలో గుండును మోకాలు దాటించినోడు ఇంతవరకు పుట్టలేదని వాడి మాట. అది నిజం కూడా. అందుకే ఎక్కువ మండేది.

ఉగాదికి నెల ముందు సావుకారు మా ఇంటికే వచ్చాడు. ముహూర్తపు చీర కావాలన్నాడు. పాలమీగడ రంగు ఒళ్లు, ఎర్ర అంచు, కొంగు నిండా జరీ. ఉగాది మరుసటి రోజు ఆయన చేతికి అందాలి. నాయన దగ్గు విన్నాడు, నేసేది నేనని ఆయనకు అర్థమయింది. చీర తప్పు లేకుండా దిగితే కొత్త జాకార్డు మగ్గం మా ఇంట్లోనే నిలబెడతానన్నాడు, మూడేళ్లు ఆయనకు నేస్తే ఆ తర్వాత మగ్గం నాది. తప్పు పడితే ఉన్న మగ్గం కూడా విప్పుకుని పోతానన్నాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి పోయాడు.

అంతవరకు నా రెండు పిచ్చులూ ఒకదాని జోలికి ఒకటి రాలేదు. ఆ నెలలో వచ్చాయి. ఈ ఉగాదికి గుండు ఎత్తాలని నేను రోజూ దాన్ని పట్టడం మొదలుపెట్టింది కూడా అప్పుడే.

పడుగు ఎక్కించి నేత మొదలుపెట్టి పన్నెండు రోజులయింది. నాలుగు వేళ్ల మేర నేయగానే బట్టను అరచేత్తో నిమరడం నేతగాడి అలవాటు. నేనూ నిమిరాను. ఎక్కడో చిన్నగా చిటుక్కుమంది. చెయ్యి ఎత్తితే చేత్తో పాటు ఒక పోగు లేచి వచ్చింది. కిటికీ దగ్గరికి పోయి అరచెయ్యి చూసుకున్నాను. వేళ్ల మొదళ్లలో నాలుగు కాయలు, వాటి అంచులు చిట్లి ముళ్లలా నిలబడి ఉన్నాయి. వారం కిందటే వాటిని చూసుకుని మురిసిపోయాను, ఉస్తాదు వాటిని పతకాలన్నాడు. సేద్యం చేసే చేతికి కాయలు అందమే. పట్టు నేసేవాడికి మాత్రం అరచేతిలో రంపం ఉన్నట్లే.

నూనె రాస్తే మెత్తబడతాయి, కానీ నూనె చేత్తో పట్టును ముడితే పాలమీగడ రంగు మీద ఆ మరక జన్మకు పోదు. నీళ్లలో నానబెడదామంటే ఆ ఎండల్లో మా వీధికి నీళ్లు వచ్చేదే మూడు రోజులకోసారి. అయినా అమ్మ చూడకుండా చెంబులో చేతులు ముంచేవాణ్ణి. ఇటుక ముక్కతో రుద్దాను. బ్లేడుతో చెక్కాను. అది లోతుగా దిగి నెత్తురొచ్చింది. చీర మీద చుక్క పడుతుందేమోనని ఆ రోజంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేశాను. ఇన్ని తిప్పలకన్నా తేలికైన పని ఒకటుంది, గరిడి మానేయడం. మానలేదు. గుండు అప్పటికి నా రొమ్ము దాకా వస్తోంది. పొద్దున కాయలు గట్టిపడేవి, పగలు వాటిని చెక్కేవాణ్ణి, మళ్లీ పొద్దున గుండు పట్టేవాణ్ణి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడి గతి ఏమవుతుందో నాకు తెలుసు, తెలిసీ దిగలేదు.

ఒక మధ్యాహ్నం సంకటి ముద్ద వేస్తూ అమ్మ నా చెయ్యి చూసింది. తర్వాత నాయన వైపు చూసింది. నేను గబగబా అరచెయ్యి బోర్లించాను.

ఉగాది ఇంకా తొమ్మిది రోజులుందనగా నాయన మగ్గం దగ్గరికి వచ్చి, నేసి చుట్టిన బట్టను కొంత విప్పమన్నాడు. కళ్లు మూసుకుని అరచేత్తో మెల్లగా నిమురుతూ పోయాడు. "ఈడ," అన్నాడు. కొంచెం పోయి మళ్లీ, "ఈడ." ఇంకాస్త పోయి, "ఈడ." పోగులు లేచినా నేను చెప్పకుండా దాచిన మూడు చోట్లూ అవే. కళ్లు తెరిచి, నా చెయ్యి చూపించమన్నాడు.

చూపించాను. తన చేతిలోకి తీసుకున్నాడు. ముప్పై అయిదేళ్లుగా పట్టును తడిమిన చెయ్యి అది, చంటిబిడ్డ చెంపలా ఉంది. నా అరచెయ్యి దానికి గీసుకుంటుంటే నాకే తెలుస్తోంది.

"చీర దిగేదాకన్నా ఆ రాయి మానుకోప్పా," అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తప్పు మనదని తెలిసినప్పుడు వచ్చేంత కోపం ఇంకెప్పుడూ రాదు. "నీ మాదిరి తాడు పట్టుకోని లేసేదానికి నేను పుట్టలా నాయనా," అన్నాను.

అమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని అప్పుడే అనిపించింది, తీసుకోలేదు. నాయన నన్ను చూడలేదు, తాడును చూశాడు. తర్వాత దాన్నే పట్టుకుని మెల్లగా గుంతలోకి దిగాడు.

ఆ తొమ్మిది రోజులూ ఆయనే నేశాడు. ముందు ఆ మూడు చోట్లా లేచిన పోగులను సూదిమొనతో ఒక్కొక్కటే లోపలికి సర్దాడు. నేను మగ్గం దరికి పోయినా చేసే పని లేదు, పట్టు చుట్టిన కండె అందించబోయినా పోగు చేతికి చిక్కుకుంటుంది. కూజాలో నీళ్లు పెట్టేవాణ్ణి, వాకిట్లో నిలబడి మగ్గం చప్పుడు వినేవాణ్ణి. చప్పుడు ఆగితే గడప దాకా పోయేవాణ్ణి. పోగు తెగిందా, దగ్గు వచ్చిందా, ఇంకేమన్నా అయిందా? మళ్లీ చప్పుడు వినిపించేదాకా అక్కడే ఉండేవాణ్ణి. మొదటి రోజు లేపుదామని వంగితే చెయ్యి తోసేసి తాడే పట్టుకున్నాడు. రాత్రి ఛాతీకి అమ్మ కాపడం పెడుతుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకు గరిడికి పోవడానికి మొహం చెల్లలేదు. ఉస్తాదు రెండుసార్లు కబురు పంపినా పోలేదు.

ఉగాది పొద్దునకు కొంగులో జానెడు మిగిలింది. నాయన తెల్లవారగానే గుంతలో కూర్చున్నాడు. అమ్మ పచ్చడి అక్కడికే తెచ్చి నోట్లో పెట్టింది. గరిడి వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. పోలేదేమని ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. పోనని చెప్పాను.

"పో. ఎత్తిరా," అన్నాడు. "నువ్వు ఎత్తకపోతే ఇంగ నేను గుంతలోకి దిగింది దేనికి?"

పోయాను. నల్లమాడ కుర్రాడు గుండును రొమ్ము దాకా తెచ్చి వదిలేసి, రొప్పుతూ నిలబడి ఉన్నాడు. రా నూలుపోగన్నా అని పక్కకు జరిగాడు. ఎర్రమట్టి చేతులకు రుద్దుకుని వంగాను. మోకాలు, తొడ, రొమ్ము. అక్కడ ఆగిపోయింది. వేళ్లు జారుతున్నాయి. ఇంట్లో జానెడు కొంగు ఏమయిందో అన్న ఆలోచన తప్ప నాకు అక్కడున్న మనుషులెవరూ కనిపించలేదు. ఉస్తాదు ఏదో అరిచాడు. గుండు భుజమెక్కింది, వెనక్కి పడింది, కాళ్ల కింద నేల అదిరింది. తలపాగా కట్టారు. అందరికన్నా ముందు వాటేసుకున్నది ఆ నల్లమాడవాడే. సంతోషం కలగలేదని అబద్ధం చెప్పను, కలిగింది. మా వీధి మలుపు దాకా ఉంది.

మలుపు తిరిగితే మగ్గం చప్పుడు లేదు. పరుగెత్తాను. నాయన గుంతలోనే ఉన్నాడు, గట్టుకు తల ఆనించి. కళ్లు తెరిచే ఉన్నాయి. కొంగు పూర్తయింది. తాడు ఎదురుగానే వేలాడుతోంది, దాన్ని అందుకునే ఓపిక ఆయనలో లేదు. అమ్మ లేపబోతే, వాణ్ణి రానీ అన్నాడట. నేను వంగి ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తాను. అప్పుడే గుండు దించిన చేతులకు ఎంత బలం పెట్టాలో తెలియలేదు. ఆయన ఒక్కసారిగా గాల్లోకి వచ్చేశాడు, మడిచిన పంచెంత బరువు కూడా లేడు.

"మెల్లగా అప్పా," అన్నాడు. "నేను గుండు గాదు."

ఆయన నవ్వాడు, నేను ఏడ్చాను. ఆ రోజు నోరు జారినానని, తప్పయిపోయిందని చెప్పాను. వినపడనట్లు నా తల వైపు చూసి, పాగా వంకర కట్టినారని చేత్తో సర్దాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఎప్పుడూ గుంతలోకి దిగలేదు.

మరుసటి రోజు పొద్దున సావుకారు వచ్చాడు. చాప మీద చీర పరిచి ముందు కళ్లతో చూశాడు, తర్వాత అరచేత్తో నిమిరాడు. ఆ చెయ్యి మొదటి చోటు మీదుగా పోయింది, రెండోదాని మీదుగా పోయింది. మూడోదాని దగ్గర ఆగింది. ఆయన ఆగింది ముక్కు గోక్కోవడానికి. మళ్లీ నిమిరి, చీర మడత చెంపకు ఆనించుకుని, ఎవరప్పా నేసింది అని నాయనను అడిగాడు.

నాయన పడుకున్న చోటి నుంచే గడ్డం నా వైపు చూపించాడు. "మా వాడే."

"ఏదీ, ఆ చేతులొకసారి చూడనీ," అన్నాడు సావుకారు.

నాయన నన్నే చూస్తున్నాడు. నేను రెండు అరచేతులూ దగ్గరికి చేర్చి, వేళ్ల మధ్య సందు లేకుండా బిగించి, సావుకారుకు దండం పెట్టాను. కాయలు కాయలకు గుచ్చుకున్నాయి. ఆయన దాన్ని వినయమనుకున్నాడు. ఇంత పనితనముండీ ఎంత అణకువ అని అమ్మతో అని, వచ్చే నెల మగ్గం నిలబెట్టిస్తానని చెప్పి, చీర చంకన పెట్టుకుని పోయాడు.

నేను అలాగే నిలబడి ఉన్నాను. కాసేపటికి నాయన గొంతు వినిపించింది.

"ఇంగ చేతులు దించప్పా. ఆయన పోయి చానాసేపయింది."