నీళ్ల ట్యాంకు ఎక్కిన సోమన్న

ఈ ఉదయం పది గంటల పది నిమిషాలకు మా పక్కింటి సోమన్న నీళ్ల ట్యాంకు ఎక్కాడు. భార్య పోయినప్పటినుంచి అతనికి మతి నిలకడగా లేదు. దూకేస్తాడేమోనని నేనే 100కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలకు ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి లాఠీలు ఊపారు. సోమన్న ఇంకో రెండు మెట్లు పైకెక్కాడు.

"ఆ కర్ర జీపులో పెట్టు బాబూ, అతనేమైనా దొంగా?" అన్నాను.

"మరి మమ్మల్నెందుకు పిలిసినారు మామ్మా? మాకు తెలిసింది ఇదే కదా!"

ఇంతలో సంతకు బయలుదేరిన సోమన్న మరదలు చిలకమ్మ వచ్చి, ట్యాంకు కింద కూర్చుని చుట్ట తీసింది.

"బావా, నిప్పుందేటి? బేగి దిగు, సంతకెళ్లాల."

మా కొండల్లో నిప్పు అడిగితే ఎవరూ లేదనరు. సోమన్న దిగివచ్చి అగ్గిపెట్టె ఇచ్చాడు.

దొంగలొస్తే 100, రోగమొస్తే 108. మతి చెదిరినవాడికి ఏ నంబరో తెలిసినవాళ్లు చెప్పండి. అప్పటిదాకా నేను చిలకమ్మనే పిలుస్తాను.