తెర మీద కనిపించిన మామ

పోయిన ఆదివారం మా మనవరాలు నన్ను హిందూపురంలో సినిమాకు తీసుకుపోయింది. మోకాళ్ల నొప్పులని ఎన్ని సాకులు చెప్పినా వినకుండా ఆటో ఎక్కించి, హాల్లో ఏసీ చలికి శాలువా కూడా తానే కప్పి కూర్చోబెట్టింది. వెనకటి ప్రపంచయుద్ధం చుట్టూ అల్లిన మాయల కథ అది. బర్మా అడవుల్లో ఖైదీలుగా చిక్కిన మనవాళ్లను మంత్రాలు తెలిసిన పిల్ల ఒకతె గాలిలో ఎగిరొచ్చి విడిపిస్తుంది, చచ్చినవాళ్లు సైతం లేచి నిలబడతారు, హాలంతా ఒకటే ఈలలు. మధ్యలో ఒకచోట రంగులు పోయి, తెర నిండా గీతలు పడుతూ, తలల మీద చేతులు పెట్టుకున్న సిపాయిలు వరుసగా నడిచిపోయారు. "అవి నిజం ముక్కలవ్వా. ఆ యుద్ధంలోనే తీసినవి తెచ్చి అతికించినారు. వాళ్లు యాక్టర్లు కాదు" అని మనవరాలు నా చెవిలో చెప్పింది. ఆ తర్వాతి సినిమా నేను చూడలేదు. చీకట్లో నన్నెవరూ గమనించకపోయినా, సిగ్గుతో తల దించుకునే కూర్చున్నాను.

మన ఈడు వాళ్లకు టూరింగ్ టాకీసు గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఊళ్లో డేరా లేచిన రోజు నుంచీ పిల్లలకు అన్నం సయించేది కాదు. నేల టికెట్టు కొని, ఇసుకను కుప్పగా పోగుచేసుకుని దాని మీద ఎత్తుగా కూర్చోవడం, వెనకవాళ్ల చేత తిట్లు తినడం, అసలు సినిమాకు ముందు సర్కారు వాళ్ల వార్తల రీలు ఎప్పుడైపోతుందా అని విసుక్కోవడం, ఇవన్నీ మీకూ జ్ఞాపకమే కదా. మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నాయన పట్టుచీరలు నేసేవాడు. అమ్మా, మేనత్తా రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టేవాళ్లు.

ఆ అత్త నాయనకు చెల్లెలు. పెండ్లయిన ఏడాదికే మామ సిపాయిగా యుద్ధానికి పోయాడట. శత్రువులకు చిక్కాడని ఒక కబురు వచ్చిందట, ఆ తర్వాత మంచీ లేదు, చెడ్డా లేదు. కొన్నేళ్లు చూసి, పెనుకొండలోని ఆమె అత్తగారివాళ్లూ మావాళ్లూ కలిసి కూర్చుని, ఇక రాడని తేల్చేసి, ఆమె చేత తాళి తీయించి, గాజులు పగలగొట్టించి మా ఇంటికి పంపారు. ఇదంతా నేను పుట్టకముందు సంగతి. నాకు తెలిసిన అత్త బోసి చేతులతో రాట్నం తిప్పే మనిషి. ఎక్కువ మాట్లాడేది కాదు, కానీ నా జడ మాత్రం ఆమే వేయాలి, ఇంకెవరు వేసినా నేను ఊరుకునేదాన్ని కాదు.

ఒక ఏడు మా ఊరికి ఇలాంటి సినిమాయే వచ్చింది. గోడ మీద అంటించిన కాగితంలో దేవకన్య బొమ్మ చూసి, దేవుళ్ల కథే అనుకుని, అత్తను కూడా పంపడానికి నాయన ఒప్పుకున్నాడు. తీరా చూస్తే, యుద్ధంలో చిక్కిన సిపాయిలను ఒక రాక్షసుడు సముద్రం అడుగున దాచిపెడితే, దేవకన్య వాళ్లను మబ్బుల మీద ఎక్కించి ఇండ్లకు చేర్చే కథ అది. అందులోనూ ఇలాగే గీతలు పడ్డ ముక్క ఒకటి వచ్చింది. సిపాయిలు నడిచిపోతున్నారు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది. కూర్చోమని వెనకనుంచి కేకలు. "ఆయనే. ఎడమ బుజం వంచి నడిచేది ఆయనే. నాకు తెలీదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మరుసటి రోజు గాజులమ్మే మనిషి మా వీధికి వస్తే, అత్త అరుగు మీద కూర్చుని అతని ముందు రెండు చేతులూ చాపింది. ఆ మనిషి దిక్కుతోచక మా వాకిలి వైపు చూశాడు. వీధంతా మూగింది. నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, "వాళ్లంతా ఏసం కట్టినోళ్లు, నీకేమన్నా మతి పోయిందా?" అని అరిచాడు. అత్త గొంతు పెంచలేదు. "ఇంగొక్క తూరి పోయి చూసొస్తానన్నా, అంతే. ఆయన ముందర బోసి చేతుల్తో ఎట్ల నిలబడేది?" అంది. నాయన ఆమెను లోపలికి పంపి, డేరా ఎత్తేసేదాకా గడప దాటనివ్వలేదు.

డేరా పెనుకొండకు మారింది. ఒకనాడు మధ్యాహ్నం అత్త ఇంట్లో కనబడలేదు. ఎక్కడికి పోయుంటుందో నాయనకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. నన్ను వెంటబెట్టుకుని బస్సులో పోయేసరికి పొద్దుగూకి, మొదటి ఆట మొదలై ఉంది. ఆడవాళ్ల టికెట్ల దగ్గర అత్త నిలబడి ఉంది, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. నాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గుడ్డ గోడ అవతలినుంచి ఫిరంగుల మోత వినిపిస్తోంది.

"ఒక్క నిమిషం ఆగన్నా, ఇప్పుడే వచ్చేది ఆయన."

"చేతులు కొంగు కింద పెట్టుకో. మీ అత్తగారోళ్ల ఊరు ఇది. వాళ్లు చూస్తే నా మొగం యాడ పెట్టుకునేది?"

బస్సులో నాయన ఆ గాజులన్నీ ఊడబెరికి కిటికీలోంచి పారేశాడు. నాయన చెడ్డవాడు కాడు. చెల్లెలికి పెట్టనిదే తాను తినేవాడు కాడు. ఊరి కళ్లకు భయపడ్డాడు, మేమందరం భయపడ్డాం. ఆ తర్వాత అత్త చాలా ఏండ్లు బతికింది, కండెలు చుట్టింది, నా బిడ్డలకు నీళ్లు పోసింది. మళ్లీ ఎన్నడూ ఏ డేరా వైపూ పోలేదు, మామ మాట ఎత్తలేదు. బుద్ధి కుదుటపడిందని మేము అనుకున్నాం.

ఇదంతా చెబితే మనవరాలు ఫోన్‌లో వెతికి, ఆ యుద్ధం నాటి బొమ్మలు నాకు చూపించింది. ఆ కాలంలో తెర మీద బొమ్మ వచ్చి పోయిందంటే పోయినట్టే, మళ్లీ చూడాలంటే డేరా ఏ ఊళ్లో ఉందో అక్కడికి పోవాల్సిందే. ఇప్పుడు వేలితో తాకితే ఆగుతుంది, మళ్లీ తాకితే మొదటినుంచి వస్తుంది. ఆ పిల్ల ఒక్కొక్క ముఖం దగ్గర ఆపి, పెద్దది చేసి, "ఈళ్లలో ఆ తాత ఎవరవ్వా?" అని అడిగింది.

నాకు తెలియదు. ఆయన ఫోటో మా ఇంట్లో ఎన్నడూ లేదు. గుర్తుపట్టగలిగిన మనిషి ఒక్కతే ఉండేది, ఆమెను మేము చెయ్యి పట్టి లాక్కొచ్చాం.