మార్తమ్మ ఆమెన్

ఉదయగిరి కొండ కింది పాలెంలో ఎవరు పిలిచినా ముందు పలికేది మార్తమ్మే. వీధి చివర "అవ్వా" అని వినబడితే చాలు, చీపురు పడేసి, "వస్తా ఉండానమ్మా" అంటూ మోకాళ్లు పట్టుకుని లేస్తుంది. చర్చిలోనూ అంతే. నిండు చూలాలి కోసమైనా, జబ్బుపడిన గేదె కోసమైనా, ప్రార్థన చివర అందరికంటే ముందు మోగేది మార్తమ్మ ఆమెనే. తనకంటూ ఆమె అడిగింది ఒక్కటే. భర్త సమాధికి పోయే దారిలో పక్క పొలం ఆసామి ముళ్లకంప వేసి రెండేళ్లయింది. కంప తీయించమని మూడు సోమవారాలు బస్సెక్కి కలెక్టరాఫీసుకు పోయి అర్జీ ఇచ్చింది. మొన్న ఫోనుకు మెసేజ్ వచ్చింది. పక్కింటి సుజన చదివి, "అవ్వా, నీ అర్జీ పరిష్కారం అయిందంట!" అని అరిచి, పాస్టరుగారికి చెప్పడానికి పరుగెత్తింది. మార్తమ్మ బంతిపూలు కోసుకుని బయలుదేరింది. కంప కదల్లేదు. "సారొచ్చి ఫోటో తీసుకోని పోయినాడు గదమ్మే, ఇంకేం కావాల నీకు?" అన్నాడు ఆసామి. పూలు కంప మీదే వదిలి వచ్చింది.

ఆదివారం పాస్టరుగారు, "మన మార్తమ్మ మొర దేవుడు ఆలకించినాడు, లేచి సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆమె లేచి, "కంప తియ్యలేదయ్యా" అని కూర్చుంది. పాస్టరుగారు అందరినీ కళ్లు మూసుకోమన్నారు. తర్వాత, ఆ ఆసామి పొలంలో బోరు పడాలనీ, సంఘంలో సగంమందికి అక్కడే కూలి దొరకాలనీ ప్రార్థన చేశారు. అందరి ఆమెన్లూ అయిపోయాక, చివర్న, మార్తమ్మది వినిపించింది.