సాంచెల పక్కన స్టూడియో

జగిత్యాలలో లోకల్ కేబుల్ చానెల్ మూతపడిన రోజున వార్తలు చదివే స్వరూప అందరి ముందూ ఏడ్చింది. సౌండు చూసే నాహీద్ మాత్రం వెనక గదిలోకి వెళ్ళి, నేల మీద పడివున్న వైర్లను ఒక్కొక్కటిగా చుట్టలు చుట్టి కట్టింది. ఇక వాటితో ఎవరికీ పనిలేదని ఆమెకు తెలుసు. అయినా పని ముగిశాక వైరును కాళ్ళ కింద వదిలేసి పోవడం ఆమెకు చేతకాదు.

ఆ అలవాటు తండ్రిది. షౌకత్‌కు కోరుట్లలో మైకు సెట్టు ఉండేది. పెళ్ళికైనా, దర్గా ఉర్సుకైనా, బోనాలకైనా, ఎలక్షన్లకైనా ఆయన స్పీకర్లే మోగేవి. కూతురికి మంచి చెవి ఉందని ఆయన ఆమె చిన్నప్పుడే కనిపెట్టాడు. గరగరమంటున్న స్పీకరు దగ్గర తల వంచి, లోపం వైరులో ఉందో, లోపలి అట్టలో ఉందో చెప్పేసేది. ఆడపిల్లకు ఈ పనేమిటని చుట్టాలు సణిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. డీజేలు వచ్చాక ఆ సెట్టును అడిగేవాళ్ళు తగ్గిపోయారు. షౌకత్ కూడా పోయాడు. తల్లి సర్వర్ బీని కోరుట్ల ఇంట్లో ఉంచి, నాహీద్ రోజూ బస్సులో జగిత్యాల వెళ్ళి చానెల్లో పని చేసింది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తెర మీద కనిపించలేదు. కనిపించాలని కోరుకోలేదు కూడా.

చానెల్ యజమాని దేవేందర్ ఆమె వైర్లు చుట్టడం చూసి గుమ్మంలో ఆగాడు.

"గా సామానంత ఇనుప సామానోడికి చెప్పిన నాహీద్. నీకేమన్న పనికొస్తదనుకుంటే తీస్కపో. రేపు బండి అస్తది."

ఆమె ఆ సాయంత్రమే ఒక ట్రాలీ ఆటో మాట్లాడింది. సగం బొత్తాలు పని చేయని మిక్సరు, మూతి చొట్టలు పడ్డ మైకులు, చెవి మెత్తలు ఊడిన హెడ్‌ఫోన్లు, బ్యాటరీ ఉబ్బిన ఇన్వర్టరు, వాన నీళ్ళు తాగిన పాత కంప్యూటరు అందులోకి ఎక్కాయి. ఇంటి ముందు దిగిన సామాను చూసి సర్వర్ బీ నెత్తి కొట్టుకుంది.

"మీ అబ్బా కబాడ్ చాలదని నువ్వు ఇంకింత తెచ్చినవా?"

ఆమె మాట అన్యాయమేమీ కాదు. షౌకత్ వదిలివెళ్ళిన పాత సామానుతో ఇంట్లో ఒక గది నిండే ఉంది. అయితే ఇప్పుడు ఆ రెండు కుప్పలూ కలిశాయి. నాహీద్ తండ్రి యాంప్లిఫయర్ల కడుపులు విప్పి, పనికొచ్చే ముక్కలు పీకి, మిక్సరులో టంకం పెట్టింది. చచ్చిన మైకు నుంచి తీగచుట్ట తీసి బతికున్న మైకుకు వేసింది. కంప్యూటరు విప్పి ఎండబెట్టి తుడిచింది. మైకు ముందు "హలో" అని, హెడ్‌ఫోన్లో తన గొంతు తనకే మళ్ళీ వినబడినప్పుడు, ఆమె చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నది.

పాడ్‌కాస్టు చేద్దామన్న ఆలోచన స్వరూపది. ఆమె నాహీద్ కంటే పెద్దది. అత్తగారిల్లు తంగళ్ళపల్లి. సిరిసిల్ల దాటి, మానేరు వంతెన అవతల. వాళ్ళ ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. ఒకప్పుడు అందులో సాంచెలు నడిచేవి. ఆ ఊళ్ళల్లో మరమగ్గాన్ని సాంచా అంటారు. గిట్టుబాటు కాక స్వరూప మామ వాటిని తునకలు చేసి తూకానికి అమ్మేశాడు.

"మన ముచ్చట్లు మనమే చెప్పుకుందాం నాహీద్," అంది స్వరూప. "భీవండిల ఉన్నోళ్ళు, దుబాయిల ఉన్నోళ్ళు ఇంటరు. ఇప్పుడు టీవీ ఎవలు చూస్తుండ్రు? చెవులల్ల పెట్టుకొని పని చేసుకుంట ఇంటుండ్రు."

షెడ్డును స్టూడియోగా మార్చడానికి వాళ్ళు కొన్నది దాదాపు ఏమీ లేదు. సిరిసిల్లలో బట్ట ముక్కలకు కరువా? కార్ఖానాల వెనక పారేసిన చిందీలు బస్తాలకొద్దీ మోసుకొచ్చి, బొంతలు కుట్టి గోడలకూ రేకులకూ వేలాడదీశారు. నూలు చుట్టి వచ్చే అట్ట గొట్టాలను మూలల్లో నిలబెట్టారు. కరెంటు హోరు పోవడానికి ఎర్తు కోసం బయట గుంత తీసి, ఉప్పూ బొగ్గూ పోసి ఇనుప కడ్డీ పాతారు. అంతా అయ్యాక నాహీద్ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. టకటకటకమని ఒకటే మోత.

గోడ అవతల ఐలయ్య సాంచెలు. యాభై దాటిన మనిషి. నాలుగు సాంచెల ఆసామి. అంటే సాంచెలు తనవి, నూలు సేటుది. నేసి ఇస్తే కూలి. మోత గోడలో నుంచే కాదు, నేలలో నుంచి కూడా వస్తోంది. నాహీద్ మైకు స్టాండు కింద మోటరుసైకిలు ట్యూబు పెట్టి చూసింది. తలుపుకు అదనంగా పరుపు కట్టింది. మోత సన్నబడింది గాని పోలేదు. చివరికి ఇద్దరూ వెళ్ళి ఐలయ్యను అడిగారు.

"కాకా, మేం మాట్లాడేటప్పుడు జెర బందువెడ్తవా?"

ఐలయ్య నవ్వాడు. "సాంచె ఆపి మల్ల నడిపితే బట్టల గీత వడ్తది బిడ్డా. సేటు ఊకుంటడా?" అని, కాసేపు ఆలోచించి, "సరే, నేను చాయి తాగేటప్పుడు మీరు మాట్లాడుకోండ్రి," అన్నాడు.

ఆ రోజు నుంచి ఐలయ్య చాయి నెమ్మదిగా తాగడం మొదలుపెట్టాడు. గ్లాసు పట్టుకుని స్టూడియో గుమ్మంలో కూర్చునేవాడు. మాటల మధ్య నవ్వు వస్తే తువ్వాల నోటికి అడ్డం పెట్టుకునేవాడు. పాడ్‌కాస్టుకు 'సాంచెల కాడ' అని పేరు పెట్టింది కూడా ఆయనే. రాయికల్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు, ఇబ్రహీంపట్నం నుంచి గల్ఫు పోయి తిరిగొచ్చినవాళ్ళు, కల్లు గీత మానేసి ఆటోలు నడుపుతున్న గౌడ్లు వచ్చి మాట్లాడారు. మస్కట్ నుంచి, సూరత్ నుంచి వాయిస్ మెసేజీలు వచ్చేవి. మస్కట్ నుంచి ఒకతను తమ కూలీల క్యాంపులో అందరూ వంట చేసుకుంటూ వింటున్నామని చెప్పి, వెనక పప్పు పోపు చప్పుడు కూడా వినిపించాడు. నాహీద్ కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా రెండు బస్సులు మారి వచ్చేది. ఆ ప్రయాణం ఆమెకు ఎన్నడూ బరువనిపించలేదు.

తర్వాత ఆర్డర్లు ఆగిపోయాయి. ముందు ఒక సేటు నూలు ఇవ్వడం మానేశాడు, తర్వాత ఇంకొకరు. వీధి వీధంతా సాంచెలు నిలిచిపోయాయి. ఐలయ్యవీ నిలిచాయి.

ఆ వారం నాహీద్ వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే లోపల ఏ చప్పుడూ లేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దం జగిత్యాల స్టూడియోలో కూడా ఆమె వినలేదు. ఒక్క క్షణం ఆమె ముఖం వెలిగింది. మరుక్షణమే గుమ్మంలో ఖాళీ చేతులతో నిలబడ్డ ఐలయ్యను చూసి హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఇగ మీకు ఫికరు లేదు," అన్నాడాయన. ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అన్నాడు.

ఆయనను మైకు ముందు కూర్చోమన్నది స్వరూప. చాలాసేపు వద్దన్నాడు. కూర్చున్నాక మాత్రం ఆపలేదు. బొంబాయిలో పని నేర్చుకున్నది, ఒక్కొక్క సాంచా కొనుక్కున్నది, మోతలో అరిచి అరిచి భార్యతో కూడా నెమ్మదిగా మాట్లాడడం మరిచిపోయినదీ చెప్పాడు. చెబుతూ చెబుతూ నూలు అడగడానికి సేటు ఇంటికి పోయిన సంగతి దగ్గరికి వచ్చాడు. పొద్దుటి నుంచి గేటు బయట నిలబడ్డాడట. చివరికి సేటు బయటికి వస్తే, తన కంటే చిన్నవాడైన ఆ మనిషి కాళ్ళు మొక్కాడట. సేటు పేరు పెట్టి చెప్పి, ముఖం తువ్వాలలో దాచుకుని ఏడ్చాడు. నాహీద్ చేయి మిక్సరు మీద అలాగే ఉండిపోయింది.

లేచేముందు ఐలయ్య నాహీద్ వైపు తిరిగాడు.

"గా ముచ్చట తీసెయ్యి బిడ్డా. సేటు పేరద్దు. నేను కాళ్ళు మొక్కింది అద్దు. నా పిల్లలింటరు."

"తీసేస్త కాకా. ఎవలకూ ఇనవడది."

ఆమె తీసేసింది. అతుకు తెలియకుండా, ఊపిరి దగ్గర కోసి ఊపిరి దగ్గర కలిపింది. మిగిలిన ముచ్చట అందరికీ నచ్చింది.

కొన్ని రోజుల తర్వాత కోరుట్లలో కూరగాయలు కొంటుండగా, పక్క కొట్టు మనిషి ఫోన్లో నుంచి ఐలయ్య ఏడుపు వినబడింది. నాహీద్ సంచి కింద పెట్టి ఆ ఫోన్లోకి తొంగి చూసింది. అది కోత పెట్టని రికార్డు. కింద ఏడుపు పాట కలిపారు, పైన తెగిన దారాల బొమ్మలు వేశారు. తెర మూలన దేవేందర్ కొత్తగా పెట్టిన యూట్యూబ్ చానెల్ గుర్తు తిరుగుతోంది. సేటు పేరు, కాళ్ళు మొక్కడం, అన్నీ ఉన్నాయి.

ఆమె అటునుంచి అటే బస్సెక్కింది. స్వరూప స్టూడియోలోనే ఉంది. దాచలేదు.

"నేనే ఇచ్చిన. పెన్‌డ్రైవుల ఏస్కపోయిన."

"కాకా అద్దన్నడు గదక్కా. నీ ముందటనే అన్నడు."

"అన్నడు. గని గా ముచ్చట లేకుంటే ఎవలింటరు నాహీద్? మనం చేసింది ఇన్నోళ్ళు ఎంతమంది? ఇప్పుడు చూడు, లీడర్లస్తుండ్రు, పేపరోళ్ళస్తుండ్రు. అందరికీ మంచే అయితది."

"నీకేమయితది?"

స్వరూప చూపు తిప్పుకుంది. "దేవేందర్ సారు యాంకర్‌గ పెట్టుకుంటనన్నడు. నాకు నలభై దాటినయ్. చానెల్ బందయినంక నన్ను ఎవలన్న పిలిచిండ్రా? నీకేం, నువ్వు ఎనుక కూసుండేదానివి. నేను ముందట లేకుంటే లేనట్టే."

స్వరూప అన్నది అబద్ధం కాదు.

లీడర్లు నిజంగానే వచ్చారు. ఐలయ్య భుజం మీద చేయి వేసి ఫొటోలు దిగారు. కొంతకాలానికి ఆర్డర్లూ కొన్ని వచ్చాయి, వీధిలో సాంచెలు మళ్ళీ మోగాయి. ఐలయ్యవి తప్ప. ఆయనకు ఆ సేటు నూలు ఇవ్వలేదు. మిగతా సేట్లూ ఇవ్వలేదు. "మైకుల చెప్పుకొమ్మను," అన్నారట. ఐలయ్య నాలుగు సాంచెలనూ తూకానికి అమ్మి, ఆ వయసులో బొంబాయి దగ్గరి భీవండిలో ఎవరి కార్ఖానాలోనో పనికి పోయాడు. పోయేటప్పుడు స్టూడియో ముందు నుంచే నడిచాడు. లోపలికి చూడలేదు.

నాహీద్ ఆయన భార్య సాయవ్వ దగ్గరికి వెళ్ళింది. సాయవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఏం చెప్పాలో నాహీద్ దారంతా అనుకుంటూ వచ్చింది.

"నేను తీసేసిన చిన్నమ్మా. నేను పెట్టింది ఫోన్ల ఉన్నది. కాకా మంచిగ మాట్లాడిండు. ఒక్కసారి ఇంటవా?"

సాయవ్వ చేతులు ఆగలేదు.

"ఆయన కాళ్ళు మొక్కిన సంగతి నాకే చెప్పలే. పెండ్లయి ముప్పయేండ్లాయె, నాకే చెప్పలే. ఊరంత ఇన్నంక నేనిన్న. ఇంకేం ఇనుమంటవ్?"

నాహీద్ ఫోను లోపల పెట్టుకుంది. సాయవ్వ చాటలో నుంచి ఇంకో ఆకు తీసుకుంది. కూర్చోమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

షెడ్డును స్వరూప మామ ఒక నూలు వ్యాపారికి గోదాముకు ఇచ్చాడు. నాహీద్ బొంతలు దింపి, వీధిలో కావాలన్నవాళ్ళకు పంచింది. సామాను మళ్ళీ ట్రాలీ ఆటోలో కోరుట్లకు చేరింది. ఈసారి మిక్సరు దించడానికి సర్వర్ బీ తానే ఒక చేయి వేసింది.

దేవేందర్ ఒకసారి ఫోన్ చేశాడు. "గా ఐలయ్య వీడియోల సౌండు ఎవలు చేసిండ్రని అందరడుగుతుండ్రు నాహీద్. కొత్త స్టూడియో కడుతున్న. రా, జీతం మంచిగిస్త."

"గా పని నాకు రాదు సార్," అని పెట్టేసింది.

ఇప్పుడు ఆమె చిన్న చిన్న ఫంక్షన్లకు మైకు సెట్టు కిరాయికి ఇస్తోంది. పేర్లు పెట్టే రోజులకు, స్కూలు వార్షికోత్సవాలకు. ఎవరేం మాట్లాడుతున్నారో పట్టించుకోదు. గొంతు పగలకుండా వినిపిస్తే చాలు. స్వరూప దేవేందర్ చానెల్లో రోజూ తెర మీద కనిపిస్తుంది. కోరుట్ల హోటళ్ళలో ఎవరి ఫోన్లోనైనా ఆమె మొహం కనబడితే నాహీద్ పార్సిలు తీసుకుని వచ్చేస్తుంది.

మొన్న మస్కట్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు. పప్పు పోపు వినిపించినతనే.

"అక్కా, కొత్తది ఎప్పుడు పెడ్తరు? పాతయే మల్ల మల్ల ఇంటున్నం."

"మిషన్లు ఖరాబైనయి తమ్మీ."

"ఏది ఖరాబైందో చెప్పక్కా. మావోడు వచ్చే నెల ఊరికస్తుండు, ఈడికెల్లి పంపిస్తం."

నాహీద్ గది వైపు చూసింది. ఒక్కటీ చెడిపోలేదు.

"అద్దు తమ్మీ," అంది. "మీరు పైలంగ ఉండుండ్రి."