సరుగుడు మొద్దు మీది పుట్టగొడుగులు

నాది చిలకలపూడి. రోల్డుగోల్డు గొలుసులకు పూత వేయించి, చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు వేస్తుంటాను. నా భార్య గుడివాడలో ఒక ఆసుపత్రిలో నర్సు. అత్తగారి ఊరు అవనిగడ్డ. పెళ్లయిన మరుసటి ఏడు, వానాకాలంలో జరిగిందిది.

ఒక శనివారం సాయంత్రం మంగినపూడి దారిలో బండి మీద వస్తున్నాను. కొట్టేసిన సరుగుడు తోటలో ఒక మొద్దు చుట్టూ పుట్టగొడుగులు గుత్తులుగా మొలిచి కనిపించాయి. పైన బెల్లం రంగు, కింద సన్నని రేకులు. వాటి నుంచి రాలిన పొడి మొద్దు మీద తుప్పులా పరుచుకుంది. ఆ వారమే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. కొండ ప్రాంతాల్లో పైన్ చెట్ల మొద్దుల మీద ఇలాంటివే మొలుస్తాయట, అక్కడివాళ్లు ఇష్టంగా తింటారట. సరుగుడుకూ సూదుల్లాంటి ఆకులూ, గరుకు కాయలూ ఉంటాయి కదా, ఇదీ ఆ జాతే అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. సంచి నిండా కోసుకుని మర్నాడు పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాను.

అత్తయ్యగారు సంచిలోంచి ఒకటి తీసి తిప్పి చూశారు.

"గడ్డివాముల దగ్గర మొలిచేవి తిన్నామండీ. మొద్దు మీదవి ఎప్పుడూ వండలేదు," అన్నారు.

"మంచివేనండీ. చూసే తెచ్చాను," అన్నాను.

ఆవిడ సరేనని వాటిని కడిగి కూర వండారు.

చర్చి నుంచి వచ్చాక భోజనాలకు కూర్చున్నాం. "మా అల్లుడు ప్రేమతో తెచ్చిన ఈ ఆహారం కోసం నీకు వందనాలు తండ్రీ," అని మావయ్యగారు ప్రార్థన చేశారు. మొదటి ముద్దే నాకు చేదుగా తగిలింది. వాళ్లిద్దరి వైపూ చూశాను. ఎవరి ముఖంలోనూ మార్పు లేదు. పైగా మావయ్యగారు బాగుందంటూ మళ్లీ వేయించుకున్నారు. నా నోరే బాగాలేదేమో అనుకుని, కూరను పళ్లెం అంచుకు నెట్టి పెరుగన్నం కలుపుకున్నాను.

పొద్దు వాలకముందే మావయ్యగారికి వాంతులు పట్టుకున్నాయి. కొద్దిగానే తిన్న అత్తయ్యగారికీ నాకూ ఏమీ కాలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏం తిన్నారో, ఎక్కడివో డాక్టరుకు నేనే చెప్పాను. సెలైన్ పెట్టారు. నా భార్య డ్యూటీ మధ్యలోనే బయలుదేరి, పామర్రులో బస్సు మారి, తిన్నగా ఆసుపత్రికే వచ్చింది. కూర చేదుగా ఉందని తనకు చెప్పాను.

"చేదుగా ఉంటే చెప్పొచ్చు కదమ్మా?" అని తల్లిని అడిగింది.

"అల్లుడు గారు తెచ్చారు కదే," అన్నారావిడ.

నా భార్య నా వైపు చూసింది. నేను బయటికొచ్చి ఆటోల దగ్గర నిలబడ్డాను.

మావయ్యగారు కోలుకుని, నీరసం తగ్గకపోయినా ఇంటికి వచ్చారు. మరుసటి ఆదివారం చర్చిలో, దేవునికి కృతజ్ఞత చెప్పుకునేవాళ్లను పాస్టరుగారు లేవమన్నప్పుడు అత్తయ్యగారు లేచారు.

"గడ్డివాము దగ్గర మొలిచిన పుట్టగొడుగులు తెలియక నేనే కోసుకొచ్చి వండాను. దేవుడు నా తప్పు క్షమించి ఆయన్ని కాపాడాడు," అన్నారు.

వెనక వరసలో ఎవరో, "ఈ వయసులో ఆ మాత్రం తెలీదా?" అని గొణిగారు. అది విని కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అవి ఆవిడ కోసినవి కావండీ. నేను తెచ్చినవి. ఆవిడ సందేహించినా నేనే వండించాను."

అందరూ నా వైపు తిరిగారు. పాస్టరుగారు, "ప్రభువు మంచివాడు," అని పాట అందుకున్నారు. నా గుండె మీది బరువు దిగినట్టయింది. అప్పుడు అత్తయ్యగారు కనిపించారు. కొంగు ముఖం మీదికి లాక్కుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నారు. ఆవిడ ఆడింది అబద్ధమని అందరి ముందూ నేనే తేల్చేశానని అప్పుడు తెలిసొచ్చింది.

ఇంటికి వెళ్లాక, "క్షమించండి అత్తయ్యగారూ. మీ మీద నింద పడుతుంటే చూడలేకపోయాను," అన్నాను.

"మీకు మాట రాకూడదని అలా చెప్పానండీ. మీరు లేచి చెప్పుకున్నారు, మీ మనసు తేలికపడింది. నేనేమో దేవుడి ముందు అబద్ధమాడినదాన్నయ్యాను."

మంచం మీంచి మావయ్యగారు, "అతను చెప్పింది నిజమే కదా," అన్నారు.

"నిజమేనండీ. అందుకే ఇంకేం అనలేకపోతున్నాను," అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆవిడ ఎప్పుడూ కూర్చునే ముందు వరస వదిలేసి, గుమ్మం పక్కన కూర్చున్నారు. చివరికి పాస్టరుగారి భార్య చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్లిందని నా భార్య చెప్పింది. "లేచేముందు అమ్మని ఒక్క మాట అడగాల్సింది," అని కూడా అంది.

అత్తయ్యగారు నా మర్యాదకు మాత్రం ఏ లోటూ చేయలేదు. ఎప్పుడు వెళ్లినా, "ఇంకాస్త వేయమంటారా అండీ?" అని అడుగుతూనే వడ్డిస్తారు. నేనే తలెత్తి చూడలేకపోతున్నాను.